తిరుగుడు లెక్క

జిరాక్సు షాపు మెట్టు మీద చున్నీ పరిచి మా అమ్మని కూర్చోబెట్టాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. తహసీల్దారు ఆఫీసు వరండాలో ఉన్నవి రెండే బెంచీలు, వాటి మీద ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నవాళ్లు కదలట్లేదు. నాన్నగారు పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన పేరు మీదున్న డిపాజిట్టు అమ్మకి రావాలంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలన్నారు. మీసేవలో అప్లై చేశాం, రసీదు ఇచ్చారు, ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత అంతా ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారి దగ్గర ఆగింది. ఆర్‌ఐ గారు ఫీల్డుకెళ్లారు. నిన్నా ఫీల్డుకే వెళ్లారు.

"ఏమే, ఇవాళైనా అవుతుందంటావా?" అంది అమ్మ.

అది మా మూడో రాక. మొత్తం ఐదుసార్లు తిరిగాం.

ఆఫీసు పేరు చెప్పను. హైదరాబాదు అంచుల్లో అలాంటివి చాలా ఉన్నాయి, మా కష్టానికి ఆ ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఒక హాలు, రెండు గదులు. బీరువాల్లో పట్టని ఫైళ్లు గుడ్డమూటలై నేల మీద, ఆ మూటల మధ్య కంప్యూటర్లు. కిటికీలోంచి చూస్తే ముప్పై అంతస్తుల టవర్లు కనిపిస్తాయి. ఆ టవర్లలో ఒక్కదాని జనాభా, ఈ ఆఫీసు కట్టిన రోజున చుట్టుపక్కల రెండు మూడు ఊళ్లన్నీ కలిపినదానికంటే ఎక్కువే ఉంటుంది. లోపల డిప్యూటీ తహసీల్దారు మర్యాదస్తుడే. నా చిరాకు చూసి, కోపం తెచ్చుకోకుండా ఒక మాటన్నాడు: "మేడమ్, మాకున్న పోస్టులు ఎప్పుడు శాంక్షనైనవో తెలుసా? అప్పుడిక్కడ ద్రాక్షతోటలుండేవి."

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

తెలుగులో ప్రభుత్వంతో పని పడడానికి మనం వాడే క్రియ ఏమిటో గమనించారా? వెళ్లడం కాదు, తిరగడం. "ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను." "కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి." ఒకసారి వెళ్తే పనవుతుందని ఎవరూ అనుకోరు కాబట్టే ఆ మాట వచ్చింది. జనం పెరిగేకొద్దీ పాలనకి, న్యాయానికి ఏర్పాట్లు ఎలా చెయ్యాలని నన్నడిగితే, ముందు ఈ తిరుగుడుని లెక్కపెట్టండి అంటాను. ఒక మామూలు పనికి ఒక మామూలు మనిషి ఎన్నిసార్లు రావాల్సొస్తోంది, ఒక్కో రాకకి ఎంత దూరం, ఎంత ఖర్చు, ఎన్ని గంటల నిరీక్షణ, ఎంత కూలి పోయింది? మన ప్రభుత్వాలు వేరేవి లెక్కపెడతాయి. ఎన్ని జిల్లాలు చేశాం, ఎన్ని భవనాలు కట్టాం, ఎన్ని కోట్లు ఖర్చుపెట్టాం. శిలాఫలకం మీద రాయడానికి వీలైనవి అవే కదా.

నిజానికి ఒకప్పుడు మనవాళ్లు దూరాన్ని బాగానే లెక్కపెట్టారు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో 1816లోనే బ్రిటిష్ అధికారి మన్రో పూనికతో గ్రామ మునసబులకి చిన్న చిన్న తగువులు తీర్చే అధికారం ఇచ్చారు. అంటే ఊళ్లోనే ఒక కోర్టు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ మునసబు ఏ ఇంటివాడో, ఎవరి మాట వింటాడో, ఎవరిని వాకిట్లోనే నిలబెడతాడో మన తాతల్ని అడిగితే చెబుతారు. తెలంగాణలో పటేల్, పట్వారీల కథ కూడా అంతే. దగ్గరున్న ప్రభుత్వమల్లా మంచిదని నేను అనను. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయినప్పుడు ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు.

మరుసటేడు, 1985లో మండలాలు వచ్చాయి. మూడొందల పైచిలుకు తాలూకాలుండే చోట దాదాపు 1,100 మండలాలు. ఎన్టీఆర్ చేసిన పనుల్లో దేన్ని పొగడాలి, దేన్ని తెగడాలి అని వాదించుకునేవాళ్లు కూడా దీని దగ్గర ఒప్పుకుంటారు. తాలూకా కచేరీకి పొద్దున బస్సెక్కితే రాత్రికి గానీ ఇల్లు చేరనివాడు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగలిగాడు. ఒక చిన్న భాగహారం చెయ్యండి. 1981 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం 5.35 కోట్లు. దాన్ని 1,100తో భాగిస్తే మండలానికి 49 వేల మంది. ఒక తహసీల్దారు (అప్పట్లో ఎమ్మార్వో, జనం నోట్లో ఇప్పటికీ ఎమ్మార్వోనే), కొందరు గుమస్తాలు, ఒక కాంపౌండు. ఆ కొలత ఆ రోజుకి సరిపోయింది.

కొలత ఎక్కడ తప్పిందంటే, జనం ఉన్నచోట ఉండిపోలేదు. పల్లె మండలాలు కొన్ని అలాగే ఉన్నాయి, కొన్ని ఖాళీ అవుతున్నాయి. అక్కడి పిల్లలు కూకట్‌పల్లిలోనో, గాజువాకలోనో, తాడేపల్లిలోనో కాపురాలు పెట్టారు. పట్నం అంచున ఉన్న మండలం లక్షల్లోకి వెళ్లిపోయింది. పేరు అదే, కుర్చీ అదే.

2016 అక్టోబరు 11న, దసరా రోజున, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. అక్కడ వాడిన గీటురాయి లోక్‌సభ నియోజకవర్గం. ఉన్నవి 25, అరకు మరీ పెద్దది కాబట్టి దాన్ని రెండు చేశారు. ఎంపీ ఎన్నికకి గీసిన గీత ఆర్డీవో దగ్గరికెళ్లే రైతుకి ఎందుకు సరిపోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గీసింది దేనికి, వాడుతోంది దేనికి?

తెలంగాణ సంగతి చూద్దాం. 2011 లెక్కల్లో ములుగు జిల్లా జనాభా మూడు లక్షల లోపు. మేడ్చల్-మల్కాజిగిరి 24 లక్షల పైన, రంగారెడ్డి కూడా 24 లక్షల పైన, హైదరాబాదు 39 లక్షలు. అన్నిటికీ ఒక్కో కలెక్టరే. ములుగుకి జిల్లా ఇవ్వడం తప్పని నేను అనడం లేదు. అడవిలో దూరం వేరు, అక్కడ జనం కంటే కిలోమీటర్లే బరువు. ఏటూరునాగారం వైపు గూడెం నుంచి వరంగల్ వచ్చి అర్జీ ఇవ్వాల్సిన మనిషికి ములుగు జిల్లా న్యాయమే. అయితే అదే చేత్తో పట్నం అంచుకి ఏమిచ్చాం అన్నది నా ప్రశ్న.

రంగారెడ్డి జిల్లా పటం తీసి చూడండి. హైదరాబాదు కింద కొడవలి పెట్టినట్టుంటుంది. పడమటి కొసన శంకర్‌పల్లి, చేవెళ్ల, తూర్పు కొసన ఇబ్రహీంపట్నం, అబ్దుల్లాపూర్‌మెట్. గచ్చిబౌలి, కొండాపూర్ ఉన్న శేరిలింగంపల్లి మండలం కూడా ఈ జిల్లాదే. కలెక్టరేటు 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో ప్రారంభమైంది. ఇబ్రహీంపట్నం వాళ్లకి పక్కనే. శేరిలింగంపల్లి మనిషి మాత్రం ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ మీదుగా చుట్టి రావాలి. కారుంటే సరే. ఔటర్ మీద ఆటో ఎక్కనివ్వరు, టూ వీలర్ ఎక్కనివ్వరు. అంతకుముందు ఈ జిల్లా కలెక్టరేటు ఏళ్ల తరబడి లక్డీకాపూల్‌లో, అంటే హైదరాబాదు జిల్లాలో ఉండేది. కలెక్టర్ ఆఫీసు సొంత జిల్లాలో లేదని నవ్వుకునేవాళ్లం. కానీ ఏ మూల నుంచి బయల్దేరినా లక్డీకాపూల్‌కి బస్సుండేది. ఆ నవ్వులాటలో ఉన్న సుఖం మనకి పోయాక తెలిసింది.

కొత్త సమీకృత కలెక్టరేట్లలో మెచ్చుకోవాల్సింది ఉంది, దాచను. వ్యవసాయం ఒక వీధిలో, సంక్షేమం ఒక వీధిలో, సర్వే ఇంకెక్కడో అద్దె ఇంట్లో ఉండే రోజులు పోయి, అన్నీ ఒక్క ఆవరణలోకి వచ్చాయి. వరండాలు విశాలం, లిఫ్టులున్నాయి, గాలీ వెలుతురూ ఉన్నాయి. చిక్కల్లా స్థలం దగ్గరే. చాలాచోట్ల ఊరు దాటి, ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా దొరికితే అక్కడ కట్టారు. ఊళ్లో స్థలం ఎందుకు లేదు? ముప్పై ఏళ్ల కిందట ఎవరూ పక్కన పెట్టలేదు కాబట్టి. లేఅవుట్ వేసేటప్పుడు పార్కుకని పదో వంతు వదలాలని నియమం ఉంది. రోడ్డు ఎన్ని అడుగులుండాలో నియమం ఉంది. కేంద్రం 2014లో తెచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల్లో 90 వేల మందికి ఒక పోలీసు స్టేషను, రెండు లక్షల మందికి ఒక ఫైర్ స్టేషను అని రాసుంది. మరి ఇంతమందికి ఒక తహసీల్దారు కార్యాలయం, ఇన్ని కేసులకి ఒక కోర్టు హాలు, దానికి ఇన్ని గజాల స్థలం అని చెప్పి లేఅవుట్ పర్మిషన్ దగ్గరే ఎవరైనా అడ్డుకోవడం నేను చూడలేదు. వెంచర్ బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, క్లబ్ హౌస్ ఉంటుంది. ఆ ప్లాట్ల మీద రేపు పడబోయే దావాలు ఎక్కడ వింటారో ఉండదు.

దావా అన్నాను కాబట్టి ఇంకో ముచ్చట. నాన్నగారు తొంభైల్లో కొన్న ఒక ప్లాటుకి పక్కవాడు ప్రహరీ జరిపాడు. అన్నయ్య ఇంజంక్షన్ దావా వేశాడు. నేను సాక్షిని, పీడబ్ల్యూ టూ, అంటే వాది తరఫు రెండో సాక్షి. ఈ కోర్టు పేరు కూడా చెప్పను.

మొదటి వాయిదాకి పదిన్నరకి వెళ్లాను. ఇరుకు మెట్లు, పైన హాలు, హాలు బయట వసారా. వసారాలో ప్లీడర్లు, గుమస్తాలు, కక్షిదారులు, చంటిపిల్లతో మనోవర్తి కేసుకి వచ్చిన అమ్మాయి, బేడీలతో ఒక ముద్దాయి, పక్కన కానిస్టేబుల్. అందరం ఒకరి భుజం ఒకరం రాసుకుంటూ నిలబడ్డాం. ఏ నంబరు నడుస్తోందో చూపించే బోర్డు చీకటిగా ఉంది. అటెండరు గుమ్మంలోకి వచ్చి పేరు పిలుస్తాడు. మూడుసార్లు పిలిచేలోగా లోపల ఉండకపోతే వాయిదాకి రాలేదని రాసుకుంటారు. అందుకని ఎవరూ కిందకి దిగరు, టీ కూడా తాగరు. నేను పొద్దున ఇంట్లో మంచినీళ్లు తాగకుండా బయల్దేరాను. ఎందుకో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. మగవాళ్లకి చెప్పాలి: అక్కడ ఆడవాళ్ల బాత్రూముకి తాళం ఉంది, తాళంచెవి స్టాఫు దగ్గర ఉంది, ఆ స్టాఫు ఎవరో ఎవరికీ తెలియదు.

మూడున్నరకి తెలిసింది, ఆ కోర్టుకి జడ్జి గారు లేరు, ఖాళీ. పక్క కోర్టు జడ్జి గారు ఇన్‌చార్జి. ఆయన తన కేసులు చూసుకున్నాక ఇవి పిలిచి తేదీలు ఇచ్చారు. మా కేసు పిలవడానికి పట్టింది అర నిమిషం. నేను సెలవు పెట్టి నిలబడింది ఐదు గంటలు.

ఇది నా ఒక్కదాని గోడు అనుకోకండి. 2021 అక్టోబరులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ, మన కృష్ణా జిల్లా (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా) పొన్నవరం ఆయన, ఒక సభలో దేశం మొత్తం లెక్క చదివారు. 26 శాతం కోర్టు ప్రాంగణాల్లో ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్డి లేదు. 16 శాతం చోట్ల మగవాళ్లకీ లేదు. శుద్ధి చేసిన తాగునీరు ఉన్నవి 54 శాతం. ప్రాథమిక వైద్య సదుపాయం 5 శాతం ప్రాంగణాల్లోనే. ఆ 26 శాతం అన్న అంకె చదివినప్పుడు నాకు ఆ తాళమే గుర్తొచ్చింది. ఎందుకంటే మేం నిలబడిన చోట లెక్క ప్రకారం మరుగుదొడ్డి "ఉంది".

విజయవాడలో కొత్త కోర్టు భవన సముదాయానికి 2013లో శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వేసింది జస్టిస్ రమణే. 2022 ఆగస్టులో దాన్ని ప్రారంభించిందీ ఆయనే, అప్పటికి ప్రధాన న్యాయమూర్తి హోదాలో. తొమ్మిదేళ్లు. మధ్యలో రాష్ట్రం విడిపోయింది, రాజధాని మారింది, ప్రభుత్వాలు మారాయి, అన్నీ నిజమే. కానీ కేసులు వాటికోసం ఆగవు కదా. 2013లో ఉన్న రద్దీని చూసి గీసిన ప్లాను 2022లో తలుపులు తెరిచింది. దేశంలో కింది కోర్టుల్లో పేరుకున్న కేసులు 4 కోట్లు దాటిన కాలంలో తొమ్మిదేళ్లంటే చిన్నమాట కాదు.

జడ్జీల సంగతి ఇంకా విచిత్రం. 1987లో లా కమిషన్, పది లక్షల జనాభాకి పదిన్నర మంది జడ్జీలే ఉన్నారు, యాభై మంది కావాలి అని చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు ఆ యాభైని ఐదేళ్లలో సాధించమంది. ఇప్పుడు పార్లమెంటులో ఎవరు ప్రశ్న వేసినా ప్రభుత్వం చెప్పే జవాబు సుమారు 21. అందులో తమాషా ఏమిటంటే, ఆ 21 లెక్క కట్టడానికి పైన వేసేది మంజూరైన పోస్టులు, ఖాళీలు తీసెయ్యరు. కింద వేసేది 2011 జనాభా. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, 2027కి వెళ్లింది. కాబట్టి పైనున్న అంకె అసలుకంటే ఎక్కువ, కిందిది అసలుకంటే తక్కువ. ఆ భాగహారంలో వచ్చే 21 కూడా మనల్ని మనం జోకొట్టుకునే అంకె.

అయితే నేనిక్కడ నా పక్షం వాళ్లతోనే విభేదిస్తాను. "ఇంతమంది జనానికి ఇన్ని కోర్టులు" అనే సూత్రం ఒక్కటే పట్టుకుంటే పప్పులో కాలేసినట్టే. తలలు వేరు, తగువులు వేరు. ఎకరం లక్షల్లోంచి కోట్లలోకి వెళ్లిన చోట, అన్నదమ్ములు పాత భాగపరిష్కారాలు తిరగదోడతారు, ఒకే సర్వే నంబరు ముగ్గురికి అమ్ముతారు, జీపీఏల (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల) మీద జీపీఏలు పుడతాయి. చెక్ బౌన్సు కేసులు వ్యాపారం ఉన్నచోట కుప్పపడతాయి. అంతే జనాభా ఉన్న మెట్ట ప్రాంతంలో ఇందులో పావు వంతు ఉండకపోవచ్చు. 2017లో ఇంతియాజ్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు కూడా జనాభా నిష్పత్తిని కాస్త పక్కనబెట్టి, ఏ రకం కేసుకి ఎంత సమయం పడుతుందో బరువు కట్టి జడ్జీల సంఖ్య తేల్చే పద్ధతిని ప్రస్తుతానికి ఆమోదించింది. నాకు అది నచ్చింది. వంద చెక్ బౌన్సులు, వంద హత్య కేసులు ఒకటి కావు కదా.

తెలంగాణలో 2022 జూన్ 2న ఒక్కసారిగా 32 కొత్త జిల్లా కోర్టులు ప్రారంభమై, రెవెన్యూ జిల్లాలూ న్యాయ జిల్లాలూ 33కి 33 సరిపోయాయి. జిల్లాకో జిల్లా జడ్జి. మంచిదే, నల్లగొండ దాకా పోయే సూర్యాపేట మనిషికి బస్సు చార్జీ మిగిలింది. కానీ మళ్లీ అదే కొలత, జిల్లాకి ఒకటి. జిల్లా అనేదే సమానం కానప్పుడు జిల్లాకొకటి అనే పంపకం ఎలా సమానమవుతుంది? పంక్తిలో కూర్చున్న అందరికీ ఒకే గరిటె వడ్డించినట్టు, చంటివాడికీ అదే, పొలంలోంచి వచ్చినవాడికీ అదే.

జనాన్ని బట్టి కొలిచిన ఏర్పాటు మన దగ్గర అసలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలకి లెక్క సుమారు రెండు వేల మందికి ఒకటి. పట్నాల్లో వార్డు సచివాలయం ఇంచుమించు నాలుగు వేల మందికి. గ్రామాల్లో, వార్డుల్లో కలిపి పదిహేను వేల దాకా ఏర్పడ్డాయి. రాజకీయంగా ఎవరు ఏమన్నా, "ఇంతమందికి ఇంతమంది ఉద్యోగులు" అని ముందుగా అంకె వేసుకుని దిగిన పని అది. మా పిన్ని వాళ్ల ఊళ్లో చూశాను, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి చెప్పులేసుకుని వీధి చివరికి నడిచి వెళ్లింది. కానీ అదే పిన్ని, పొలం సరిహద్దు గొడవకి మళ్లీ మండలానికి, అక్కణ్నుంచి ఆర్డీవో దగ్గరికి, చివరికి కోర్టుకి వెళ్లక తప్పలేదు. దగ్గరికొచ్చింది కాగితం. నిర్ణయం ఉన్నచోటే ఉంది.

ఈ తేడా తెలంగాణకి భూరికార్డుల పోర్టల్ ధరణి బాగా నేర్పింది. 2020లో కొత్త పాస్‌బుక్కుల చట్టంతో తహసీల్దారు, ఆర్డీవోల రెవెన్యూ కోర్టులు తీసేశారు, దాంతోపాటే ఇంకో చట్టంతో వీఆర్వోలని (గ్రామ రెవెన్యూ అధికారులని) తీసేశారు. మండలంలోనే రిజిస్ట్రేషన్, అదే గంటలో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు), అది మాత్రం నిజంగా సుఖం. పేరులో ఒక అక్షరం తప్పు పడితేనో, విస్తీర్ణంలో నాలుగు గుంటలు ఎగిరిపోతేనో చాలా వాటికి కలెక్టర్ లాగిన్‌కే పోవాల్సొచ్చేది, లేదా సివిల్ కోర్టుకి. భవనం మండలంలో ఉండేది, అధికారం జిల్లాలో ఉండేది. ఫలితంగా కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పాస్‌బుక్కులు పట్టుకున్న చేతులే. 2025లో భూభారతి చట్టం వచ్చి ఆ అధికారాలు మళ్లీ కొంత కిందకి దించింది. ఐదేళ్లలో ఒకసారి పైకి, ఒకసారి కిందకి. ప్రతి మార్పుకీ జనం ఏ ఆఫీసులో ఎంతమంది పోగవుతారో ముందుగా అంచనా వేసిన కాగితం ఒక్కటైనా ఉంటే చూడాలని ఉంది.

"ఇంకా ఆఫీసులేమిటండీ, అంతా ఫోన్లోకి వచ్చేస్తుంటే" అని మా ఆఫీసులో ఒక కుర్రాడు వాదించాడు. ఆంధ్రలో 2025 జనవరి నుంచి వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు ఇస్తున్నారు, మన మిత్ర అని. ఈ-కోర్టుల మూడో దశకి కేంద్రం 2023లో 7,210 కోట్లు మంజూరు చేసింది. నేను వీటికి వ్యతిరేకిని కాదు. కేసు తేదీ ఫోన్‌లో చూసుకోగలుగుతున్నాను, ఆ ఒక్కటీ నాకు రెండు ప్రయాణాలు తప్పించింది. అయితే ఆన్‌లైన్ ముందు తీసుకుపోయేది సులువైన పనుల్ని. అవి పోయాక ఆఫీసుకి వచ్చేవాళ్లు ఎవరు? ఫోన్‌లో తేలని చిక్కున్నవాళ్లు, పేరు తప్పుపడ్డవాళ్లు, చదువు రానివాళ్లు, ఎదుటివాడు ఒప్పుకోనివాళ్లు. వాళ్లలో ఒక్కొక్కరికి పది నిమిషాలు కాదు, అరగంట కావాలి. కాబట్టి జనం తగ్గినా పని తగ్గదు. సాక్షిని క్రాస్ చెయ్యడానికి, ఎదుటివాడి మొహం చూసి రాజీకి రావడానికి ఇంకా ఒక గది కావాలి, కుర్చీలు కావాలి.

2008లో గ్రామ న్యాయాలయాల చట్టం చేసింది ఇందుకే. మండల స్థాయిలో ఒక న్యాయాధికారి, అవసరమైతే ఊళ్లోకే వచ్చి కేసు వింటాడు. 2009 గాంధీ జయంతి నాడు అమల్లోకి వచ్చింది. దేశమంతా కలిపి నోటిఫై అయినవే కొన్ని వందలు, నడిచేవి అంతకంటే తక్కువ. జిల్లాలోని పంచాయతీలూ మున్సిపాలిటీలూ కలిసి ప్లాను వేసుకోవాలని రాజ్యాంగంలోనే జిల్లా ప్రణాళికా కమిటీ ఉంది, 74వ సవరణతో వచ్చింది. మీ జిల్లాలో అది ఆఖరిసారి ఎప్పుడు కూర్చుందో కనుక్కోండి.

భవనం కట్టాక వచ్చే సంగతి ఒకటి ప్లాన్లలో ఎప్పుడూ కనపడదు. కోర్టంటే నాలుగు గోడలు, ఒక బెంచీ కాదు. దాని చుట్టూ స్టాంపు వెండరు, నోటరీ, టైపిస్టు, జిరాక్సు, ప్లీడరు గారి గది, ఆ గది కింద టిఫిన్ సెంటరు, సాయంత్రం ఆరు తర్వాత కూడా దొరికే బస్సు ఉండాలి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1న విడిగా మొదలై, కొద్ది నెలల్లో అమరావతిలోని నేలపాడు చేరినప్పుడు అక్కడ చుట్టూ పొలాలే. జ్యుడిషియల్ కాంప్లెక్సు గబగబా లేచింది, చుట్టూ ఉండాల్సిన ఊరు లేవలేదు. విజయవాడ నుంచో గుంటూరు నుంచో వచ్చే ప్లీడరుకే కష్టమైతే, శ్రీకాకుళం నుంచి వచ్చిన కక్షిదారు రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఇప్పుడు తెలంగాణ హైకోర్టుకి రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల్లో కొత్త భవనం కడుతున్నారు. మూసీ ఒడ్డున 1920లో తెరిచిన పాత భవనం ఎంత అందమైనదైనా, 42 మంది జడ్జీల బలానికి చాలదు, ఒప్పుకుంటాను. జడ్జీల గదుల కొలతలు ఎవరో ఒకరు తప్పకుండా చూసుకుంటారు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నడిచి వచ్చే అలవాటున్న మనిషి రాజేంద్రనగర్‌లో ఏ స్టాపులో దిగాలో, ఎండలో ఎంత నడవాలో చూసుకునేవాళ్లు కూడా ఆ మీటింగులో ఒకరుండాలి.

ఇదంతా రాస్తూ ఆ జిరాక్సు షాపాయన్ని తలుచుకున్నాను. ఐదుసార్లు మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు కాబట్టి కాస్త పరిచయమైంది. ఒకరోజు రద్దీ తక్కువున్నప్పుడు అడిగాను, రోజుకి ఎంతమంది వస్తారని. వేళ్ల మీద లెక్క చెప్పాడు. సోమవారం ఎక్కువ, శనివారం సగం. జూన్‌లో కాలేజీ అడ్మిషన్లప్పుడు ఇన్‌కమ్, క్యాస్ట్ సర్టిఫికెట్లకి వరస రోడ్డు దాకా వస్తుంది, అప్పుడు రెండో మిషన్ అద్దెకి తెస్తాడు. కొత్త రేషన్ కార్డులని పేపర్లో పడితే మర్నాడు టోనర్ రెండు డబ్బాలు కొంటాడు. మొదటిసారి వచ్చినవాళ్లు మొత్తం ఫైలు కాపీ తీయిస్తారట, మూడోసారి వచ్చినవాళ్లు ఒక్క పేజీయే. "ఆ ఒక్క పేజీ వాళ్లే ఎక్కువ మేడమ్" అన్నాడు.

ఐదోసారి సర్టిఫికెట్ చేతికొచ్చింది. బయటికొస్తుంటే ఆయన పిలిచాడు. ఆఫీసు ఇక్కణ్నుంచి కొత్త బిల్డింగుకి మారుతుందని అంటున్నారు, లోపల ఎవరినడిగినా ఎక్కడో చెప్పట్లేదు, మీకేమైనా తెలిసిందా అని. నాకు తెలియదన్నాను. మూడు చోట్ల షాపులు చూసి పెట్టుకున్నాడు, ఏ ఓనరుకి అడ్వాన్సు ఇవ్వాలో తేలడం లేదు. మాట్లాడుతూనే లోపల్నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి మెట్టు పక్కన వేశాడు. ఒకదాని మీద అప్పుడే ఆటో దిగిన ఒక ముసలాయన కూర్చున్నాడు, చేతిలో ఒక్క పేజీ.